తోక పెద్దది చెయ్యరా

మొవ్వ అనగానే తెలిసినవాళ్లు క్షేత్రయ్య అంటారు, వేణుగోపాలస్వామి గుడి అంటారు, లేదంటే "కూచిపూడి పక్కనే కదా" అంటారు. మా వీధికి మాత్రం ఈమధ్య కొత్త గుర్తు ఒకటి వచ్చింది. "సాయంత్రం పూట గోడకి బాణాలేస్తారే, ఆ ఇల్లు" అని చెబుతున్నారు. కొరియర్ కుర్రాడు కూడా అలాగే అడుక్కుంటూ వస్తాడు. తీరా అతను తెచ్చే కవర్లో ఉండేవి చిటికెన వేలంత ప్లాస్టిక్ కాడలు మూడు, సీతాకోకచిలక రెక్కల్లాంటి తోకలు మూడు. "దీనికోసమా ఇంత దూరం రప్పించారు" అన్నట్టు చూసి ఓటీపీ అడుగుతాడు.

ఆ తోకల గురించే నేను చెప్పబోయేది.

డార్టుకి నాలుగు భాగాలుంటాయి. ముందు గుచ్చుకునే ఉక్కు మొన. దాని వెనక మనం పట్టుకునే బరువైన లోహపు ముక్క, దాన్ని బ్యారెల్ అంటారు. బ్యారెల్ వెనక మర తిప్పి బిగించే సన్నటి కాడ షాఫ్ట్. ఆ కాడ చివర చీలికల్లోకి దూర్చే నాలుగు రెక్కలు ఫ్లైట్. డార్ట్స్ పిచ్చి పట్టినవాళ్లు ఎక్కడ చూసినా మాట్లాడేది బ్యారెల్ గురించే. ఎన్ని గ్రాములు, టంగ్‌స్టన్ ఎంత శాతం, పట్టుకోసం పెట్టిన గాట్లు ఎలా ఉన్నాయి, ఇదే గోల. డబ్బంతా కూడా అక్కడే పోతుంది. నైలాన్ కాడా ప్లాస్టిక్ రెక్కలూ కలిపితే రెండు గ్రాములు కూడా తూగవు. సెట్టుతో పాటు వచ్చినవే బిగించేసుకుంటాం, విరిగితే అలాంటివే ఇంకో మూడు కొంటాం.

నేనూ అదే బాపతు. 2025 జనవరి 3న లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో ల్యూక్ లిట్లర్ అనే 17 ఏళ్ల కుర్రాడు ఫైనల్లో మైకేల్ వాన్ గెర్వెన్‌ని 7-3 సెట్ల తేడాతో కొట్టి ప్రపంచ ఛాంపియనయ్యాడు. ఆ వీడియోలు చూశాక మా హైదరాబాద్ ఆఫీసు గేమ్ రూమ్‌లో అప్పటిదాకా దుమ్ము పట్టిన బోర్డు ముందు లైను మొదలైంది. నేను ఒక నెల ఆగి, జీతం పడ్డ రోజు 23 గ్రాముల టంగ్‌స్టన్ సెట్టు కొన్నా. వాటికి సన్నటి స్లిమ్ ఫ్లైట్లు బిగించి ఉన్నాయి. చూడ్డానికి రాకెట్టులా ఉన్నాయి, అంతకుమించి కారణమేమీ లేదు. గదికి ఒక బోర్డు కూడా తెచ్చుకున్నా.

అదే ఏడాది ఆగస్టులో, సార్వా నాట్లయిన వారానికి, నాన్నకి పక్షవాతం వచ్చింది.

చిన్నదే అన్నారు. టైముకే తీసుకెళ్లాం. మాట పోలేదు, నడక నెలరోజుల్లో దాదాపు సర్దుకుంది. కుడిచెయ్యి మాత్రం సగమే వెనక్కి వచ్చింది. చెయ్యి లేస్తుంది, వస్తువు పట్టుకుంటుంది. కానీ వేళ్లు చెప్పిన టైముకి వదలవు. గ్లాసు బల్లమీద పెట్టాక ఒక క్షణం ఆగి వదులుతాయి.

నాన్నకి మూడెకరాల వ్యవసాయం ఉంది, కానీ వీధిలో ఆయన పేరు చేతిరాతకి. పెళ్లి శుభలేఖల కవర్ల మీద పేర్లు రాయాలన్నా, కౌలు కాయితం రాయాలన్నా, మండలాఫీసుకి అర్జీ పెట్టాలన్నా మా వరండాలోకే వచ్చేవాళ్లు. అక్టోబరులో బ్యాంకు పని పడితే నేనే బండి మీద తీసుకెళ్లా. సంతకం మూడుసార్లు పెట్టాడు, మూడూ పాత సంతకంతో కలవలేదు. చివరికి వేలిముద్ర వేయించుకున్నారు. వాళ్ల తప్పేం లేదు, రూలంతే. ఇంటికొచ్చేదాకా నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. బొటనవేలికి అంటిన ఆ నీలం సిరా మీద కండువా కప్పుకుని వెనక కూర్చున్నాడు. ఆ రోజు నుంచి నలుగురిలో ఉంటే ఆ చెయ్యి కండువా కిందే ఉండేది.

ఫిజియోథెరపీ ఆయన స్పాంజి బంతి ఇచ్చి రోజుకి వందసార్లు నొక్కమన్నాడు. నాన్న రెండు రోజులు నొక్కి, "చంటిపిల్లాడి బొమ్మరా ఇది" అని గూట్లో పడేశాడు. ఆ బంతి ఇప్పటికీ అక్కడే ఉంది.

నేను ఇంటి నుంచి పని చేసుకునేలా మూడు నెలలు పర్మిషన్ తీసుకుని వచ్చేశా. వస్తూ వస్తూ బోర్డు కూడా బస్సెక్కించా. నిజం చెప్పాలంటే నాన్నకోసం కాదు, రాత్రి కాల్స్ అయ్యాక నా బుర్ర చల్లబడ్డానికి. వరండా గోడకి ప్లైవుడ్ చెక్క కొట్టి, బోర్డు మధ్య చుక్క నేల నుంచి 1.73 మీటర్ల ఎత్తులో ఉండేలా తగిలించా. బోర్డు ముఖం నుంచి 2.37 మీటర్ల దూరంలో నిలబడి విసరాలి. ఆ గీతని అమ్మ ముగ్గుపిండితో గీసింది. రోజూ పొద్దున్నే గచ్చు కడిగితే పోయేది, సాయంత్రానికి మళ్లీ గీసేది.

నాన్న పడక్కుర్చీలో కూర్చుని చూసేవాడు. ముందు బోర్డు మీదే అనుమానమొచ్చింది. "ఇన్ని పోట్లు పడుతుంటే చిల్లులేవిరా?" అన్నాడు. మంచి బోర్డుని సిసల్ నారతో చేస్తారు, అంటే మన కిత్తనార జాతి మొక్కే. నార పోగుల్ని నిలువుగా నిలబెట్టి గట్టిగా అదుముతారు. మొన పోగుల మధ్యలోకి దూరుతుంది, తీయగానే పోగులు మళ్లీ దగ్గరవుతాయి. ఇది చెబితే లేచొచ్చి ఎడమచేత్తో తడిమి చూశాడు. "మేం అరటి బోదె మీద వేసేవాళ్లం. రెండు రోజులకే కుళ్లి కంపు కొట్టేది" అన్నాడు. ఏం వేసేవాళ్లో నేను అడగలేదు. కాల్ టైమైంది.

ఒక సాయంత్రం నేను లోపల మీటింగులో ఉండగా వరండాలో ఖంగుమని చప్పుడైంది. కాసేపాగి ఇంకోటి. తర్వాత మూడోది. మ్యూట్ పెట్టి బయటికొచ్చి చూస్తే మూడు డార్టులూ గచ్చు మీదున్నాయి. నాన్న గీత దగ్గర నిలబడి ఉన్నాడు. కుడిచేత్తోనే వేశాడు.

"నీ బాణాలు బాగానే ఉన్నాయిలే. చెయ్యే అయిపోయింది" అన్నాడు.

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మర్నాటి నుంచి కోచ్ అవతారమెత్తా. మోచెయ్యి కదపకు, ముందుకి ఒరగకు, చివర్లో వేళ్లు ఒక్కసారిగా తెరువు. పక్షవాతం వచ్చిన మనిషికి వేళ్లు ఒక్కసారిగా తెరవమని చెప్పానంటే నా తెలివి మీరే అర్థం చేసుకోండి. నాలుగు రోజుల్లో పది పన్నెండు డార్టులు బోర్డుకి తగిలాయి, రెండే గుచ్చుకున్నాయి. ఐదో రోజు "నువ్వాడుకోరా" అని కుర్చీలోంచి లేవలేదు.

ఆ రాత్రి ఫోన్లో తీసిన వీడియో స్లో మోషన్‌లో చూశా. దూరం సరిపోతోంది. గురి కూడా మరీ అంత అన్యాయంగా లేదు. డార్టు బోర్డు దాకా వెళ్తోంది, కానీ మొన పైకి, తోక కిందికి వేలాడుతూ వెళ్తోంది. ఆ వాలులో తగిలితే మొన నారలోకి దిగదు, గీసుకుని రాలిపోతుంది.

మర్నాడు వీడియో చూపిస్తే నాన్న ఫోన్ చేతిలోకి తీసుకుని రెండుసార్లు చూశాడు. "దీనికి తోక చాల్లేదురా. తోక పెద్దది చెయ్యి" అన్నాడు.

అప్పుడు బయటికొచ్చింది అరటి బోదె కథ. వాళ్ల చిన్నప్పుడు సూదికి చుట్టూ నాలుగు అగ్గిపుల్లలు పెట్టి, దారం బిగించి చుట్టి, వెనక వైపు పుల్లల సందులో నోటుపుస్తకం కాగితాన్ని నాలుగు రెక్కలుగా మడిచి దూర్చేవాళ్లట. ఇలాంటిది మా బళ్లో కూడా ఒకడు చేసి తన్నులు తిన్నాడు. ఇంత ఖరీదు పెట్టి నేను కొన్న వస్తువు కూడా, టంగ్‌స్టన్ తీసేస్తే, సరిగ్గా అదే. "గట్టిగా విసిరేవాడికి చిన్న తోకైనా చాలు. మా తమ్ముడు మెల్లిగా వేసేవాడు, వాడికి పెద్ద తోక కట్టేవాణ్ణి" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. రెక్క పెద్దదైతే గాలి ఎక్కువ ఆపుతుంది, అసలే మెల్లిగా వెళ్లేది ఇంకా ముందే పడిపోతుంది కదా అన్నా. ఇంజినీరింగ్ చదివా కాబట్టి నమ్మకంగానే అన్నా. నాన్న వాదించలేదు. లోపలికెళ్లి పాత శుభలేఖ ఒకటి తెచ్చిచ్చాడు. దాన్ని కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి నాలుగు రెక్కలు చేశా. నా స్లిమ్ ఫ్లైటుకి రెట్టింపు వెడల్పు వచ్చింది. ఒక రెక్క మీద "బంధుమిత్రుల అభినందనలతో"లో సగం కనిపిస్తోంది.

నాన్న విసిరాడు. డార్టు బోర్డు అంచున, అంకెల పైన, పాయింట్లు రాని నల్లటి భాగంలో దిగింది. కానీ దిగింది. తోక కొంచెం పైకి లేచి, మొన లోపలికి పోయి అలా నిలబడింది. అమ్మ వంటింట్లోంచి "ఏమైంది, చప్పుడు రాలేదే" అంది.

నా లెక్కలో తప్పెక్కడుందో తర్వాత కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. 2.37 మీటర్లు దాటడానికి డార్టుకి అర సెకను కూడా పట్టదు. అంత తక్కువ సేపట్లో గాలి లాగేసే వేగం స్వల్పమే. ఆ నష్టాన్ని ఒక వేలెడు పైకి గురిపెట్టి సరిచేసుకోవచ్చు. అసలు సమస్య దిశది. చేతిలోంచి వదిలే క్షణంలో మొన ఎప్పుడూ కచ్చితంగా వెళ్లే దారి వైపే ఉండదు, ఛాంపియన్‌కైనా ఎంతో కొంత పక్కకి ఉంటుంది. బరువంతా ముందు బ్యారెల్లో ఉంటుంది, గాలి పట్టు వెనక రెక్కల మీద ఉంటుంది. డార్టు వంకరగా వెళ్తుంటే గాలి రెక్కల్ని నెట్టి మొనని దారిలోకి తిప్పుతుంది. రెక్క పెద్దదైతే ఆ నెట్టడం బలంగా ఉంటుంది. కాడ పొడుగైతే మీట పొడుగైనట్టు, అదే రెక్క ఇంకా బాగా పని చేస్తుంది. వేగంగా, శుభ్రంగా వదిలేవాడి డార్టుకి ఆ సాయం తక్కువ చాలు. అందుకే వాడికి స్లిమ్ సరిపోతుంది, పక్కపక్కనే మూడు గుచ్చినా రెక్కలు ఒకదానికొకటి అడ్డం రావు. నాన్న వేళ్లు ఆలస్యంగా వదులుతాయి కాబట్టి మొన పైకి లేచి బయల్దేరుతోంది. దాన్ని ఆ అర సెకనులోపే సరిచేసే తోక కావాలి. ఆయన చెయ్యి తప్పు చేస్తోంది, నిజమే. ఆ తప్పుని నా డార్టు అసలు పట్టించుకోవట్లేదు, అదీ నిజమే.

ఇదే సూత్రం మీద ఇంకా పెద్ద ఆట మాకు గంటన్నర దూరంలో నడుస్తోంది. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. ఆమె ఆడే కాంపౌండ్ విలువిద్యలో లక్ష్యం 50 మీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ కూడా బాణం తోకకి అతికించే రెక్కలు ఎంత పొడుగు, ఎంత ఎత్తు, కాడ ఎంత వంగాలి అన్నవి విల్లుకీ మనిషికీ తగ్గట్టు చూసుకుంటారు. ఒకరి బాణం ఇంకొకరికి సరిపోతుందన్న గ్యారంటీ లేదు. నేను మాత్రం నా సెట్టు నాన్న చేతిలో పెట్టి మోచెయ్యి గురించి క్లాసు పీకా.

ఇక్కణ్ణుంచి కొరియర్ కుర్రాడి కష్టాలు మొదలు. ముందు స్టాండర్డ్ సైజు ఫ్లైట్లు తెప్పించా. మార్కెట్లో దొరికే మామూలు ఆకారాల్లో వెడల్పైనవి ఇవే. స్లిమ్‌కీ వీటికీ మధ్యలో పేర్ కాయ ఆకారంలోవి, గాలిపటం ఆకారంలోవి కూడా ఉంటాయి, అవి మాకు అక్కర్లేకపోయింది. మందంలో మాత్రం తడబడ్డా. 75, 100, 150 మైక్రాన్లు అని అమ్ముతారు. పలచనివైతే వెనకొచ్చే డార్టు తగిలినప్పుడు పక్కకి ఒరిగి దారిస్తాయి, అందుకని చాలామంది 100 లోపే ఎంచుకుంటారు. అలాగే 75వి కొన్నా. నాన్న చేతిలో అవి ఒక్క పూట నిలవలేదు. రెక్క పట్టుకుని లాగితే ముడతలు పడిపోయేవి, ముడత పడ్డ రెక్కతో డార్టు వంకర తిరిగేది. 150వి గట్టిగా ఉంటాయి, ప్లస్ గుర్తులా నిలబడే ఉంటాయి. ఒక డార్టు ఇంకో డార్టుని కొట్టేంత దగ్గరగా వేయడం మాకు ఇంకా రాలేదు కాబట్టి ఆ బాధ లేదు.

షాఫ్టు పొడుగు దగ్గర రెండు వారాలు పట్టింది. కంపెనీని బట్టి మారుతుంది గానీ సుమారుగా షార్ట్ 35 మిల్లీమీటర్లు, మీడియం 48, మధ్యలో 41ది ఒకటి. ఒకేసారి కాడా రెక్కా రెండూ మార్చి, తర్వాత ఏది పనిచేసిందో తెలీక తల పట్టుకున్నా. శుక్రవారం సాయంత్రం మూడు మార్పులు కలిపి రిలీజ్ చేసేవాళ్లని ఆఫీసులో తిట్టేది నేనే. సరే, రెక్క అదే ఉంచి కాడ ఒక్కటే మార్చుతూ, ఒక్కో కాడతో ముప్పై సార్లు వేయించి ఎన్ని గుచ్చుకున్నాయో రాశా. రాసింది నేను కాదు, నాన్నే. ఎడమచేత్తో గీతలు గీశాడు, ఐదోదానికి అడ్డగీత.

షార్ట్‌తో బాగా తగ్గాయి. కారణం గాలి కాదు, వేళ్లు. ఆయన ఉంగరం వేలు ఆలస్యంగా తెరుచుకుంటుంది. కాడ పొట్టిదైతే వెళ్లిపోతున్న రెక్కకి ఆ వేలు తగిలి తోకని పక్కకి తన్నుతోంది. మీడియంతో రెక్క వేలికి అందనంత వెనక ఉంది. వీడియో తీయకపోతే ఇది నాకు జన్మలో తట్టేది కాదు.

నైలాన్ కాడలు చవక, కానీ గచ్చు మీద పడితే మర దగ్గర పుటుక్కున విరిగి, ముక్క బ్యారెల్లో ఉండిపోతుంది. సూదిని పొయ్యి మీద ఎర్రగా కాల్చి ఆ ప్లాస్టిక్‌లో గుచ్చి, చల్లారాక తిప్పితే బయటికొస్తుంది. పట్టకారుతో పట్టుకోండి, నేను పట్టుకోలేదు. ఇలా కాదని గుడివాడలో ఒక లేతు షాపుకి తీసుకెళ్లి ఇత్తడి కాడలు తిప్పించమన్నా. ఆయన కళ్లజోడు పైకెత్తి చూసి, "ఇది మన ఐదు ఎంఎం మర కాదు బాబూ, దగ్గరదగ్గరగా ఉంది గానీ ఎక్కదు" అన్నాడు. నిజమే, డార్టులకి 2బీఏ అని పాత బ్రిటిష్ మర వాడతారు. దాని వ్యాసం 4.7 మిల్లీమీటర్లు. పైగా తోక బరువు పెరిగితే బ్యాలెన్స్ వెనక్కి పోతుందన్న సంగతి నాకు ఆ షాపులో నిలబడ్డాకే వెలిగింది. చివరికి అల్యూమినియంవి తెప్పించా. అవి విరగవు గానీ నాలుగు విసుర్లకి ఒకసారి వదులవుతాయి. దానికి రబ్బరు రింగు పెట్టాలట. నాన్న సైకిలు వాల్వు ట్యూబు ముక్క చిన్నది కోయించి మర మొదట్లో తొడిగించాడు. ఇప్పటిదాకా వదులవలేదు.

ఫ్యాను సంగతి చెప్పడం మర్చిపోయా. వరండాలో సీలింగ్ ఫ్యాను వేస్తే పెద్ద రెక్కల డార్టు మీద ఆ ప్రభావం తెలిసిపోతుంది, స్లిమ్‌కి అంతగా తెలీదు. ఉక్కపోతలో ఫ్యాను ఆపి ఆడాలంటే అమ్మ ఒప్పుకోదు. ఒక్కొక్కరు మూడు విసిరేదాకా ఆపి, పాయింట్లు లెక్కపెట్టేటప్పుడు వేసేలా రాజీ కుదిరింది. స్విచ్ దగ్గర అమ్మ కూర్చుంటుంది.

చెయ్యి బాగైపోయిందని చెప్పను. చొక్కా గుండీలు ఇంకా అమ్మే పెడుతుంది. డార్టు ముప్పైకి ఇరవై దాకా గుచ్చుకుంటుంది, గురిపెట్టిన 20 మీద పడేది తక్కువ, పక్కనున్న 1 మీదో 5 మీదో పడుతుంది. ఆ బ్యాంకు వైపు మేం మళ్లీ వెళ్లలేదు. అయితే సాయంత్రం ఎదురింటి బాబాయి, ఇద్దరు ముగ్గురు పిల్లలు వస్తారు. వాళ్ల ముందే కండువా తీసి కుర్చీ మీద వేసి గీత దగ్గరికి వస్తాడు. పిల్లలకి స్లిమ్ రెక్కలు ఇస్తాడు, "నీకు బలముందిరా, నీకిది చాలు" అని.

పోయిన మంగళవారం ఒక ఫ్లైటు చిరిగింది. ఫ్లైటు మార్చడమంటే చూడ్డానికి తేలిక. నాలుగు రెక్కల్నీ వేళ్లతో విప్పి పట్టుకుని, కాడ చివరున్న సన్నటి చీలికల్లోకి సూటిగా నెట్టాలి. ఒక రెక్క తప్పినా మిగతావి ఎక్కవు. ఇన్నాళ్లూ నేనే చేసేవాణ్ణి. ఆ రోజు నాకు కాల్ నడుస్తోంది. కిటికీలోంచి చూస్తే నాన్న కొత్త ఫ్లైటు తీసుకుని పడక్కుర్చీలో కూర్చున్నాడు. డార్టు ఎడమచేతిలో, రెక్కలు కుడిచేతిలో. మొదటిసారి రెక్క మడత పడింది. రెండోసారి చీలికలోంచి జారి కింద పడింది. వంగి తీసుకున్నాడు. అమ్మ లేవబోతే చేత్తోనే వద్దన్నాడు. నా వైపు మీటింగులో ఎవరో ఏదో అడిగారు, "ఒకసారి రిపీట్ చేస్తారా" అన్నా, రెండుసార్లు.

పదకొండు నిమిషాలు పట్టింది. రెక్క చీలిక చివరిదాకా ఎక్కిందో లేదో బొటనవేలితో నొక్కి చూసుకుని, డార్టు కళ్ల ముందు పెట్టి ఒకసారి తిప్పాడు.

"ఏరా, ఇంకా అవ్వలేదా నీ గోల?" అన్నాడు కిటికీ వైపు చూసి. "ఫ్యాను ఆపమని మీ అమ్మకి చెప్పు."